చెరువు పూడిక – పొలం ఎరువు

కోలారు పల్లెల్లో వేసవి వచ్చిందంటే ఒకప్పుడు ఎద్దులబండ్లు చెరువులోకి దిగేవి. నీరింకి నెర్రెలిచ్చిన మట్టిని తవ్వి పొలాలకు తోలుకొనేవారు. దాన్నే మనం పూడిక అంటాం, కన్నడంలో హూళు అంటారు. రెండూ ఒకే ధాతువు నుంచి వచ్చిన మాటలు. పొలంలో చల్లిన ఎరువు వాననీటితో కొట్టుకుపోయాక ఏమవుతుందో తెలియాలంటే ముందు ఈ మట్టి గురించి తెలుసుకోవాలి.

కోలారు జిల్లాలో ఏడాది పొడుగునా పారే నది లేదు. నంది కొండల్లో పుట్టిన పాలారు కూడా వానలు పడితేనే పారుతుంది. అందుకే పెద్దలు వంకల మీద గొలుసుకట్టు చెరువులు కట్టారు. పై చెరువు మరవ పారితే కింది చెరువు నిండుతుంది. బంగారు గనుల ఊరికి నీళ్లిచ్చిన బేతమంగళం చెరువు పాలారు మీదిదే. చెరువులోకి వచ్చేసరికి వంక వేగం తగ్గుతుంది గనుక అది మోసుకొచ్చిన మట్టి అక్కడే దిగుతుంది, ముందు ఇసుక, ఆ తరువాత సన్నని బంకమన్ను.

టమాటా, మల్బరీ తోటల్లో వేసే ఎరువుల్లో నత్రజని, భాస్వరం ముఖ్యం. ఈ రెండింటి నడత ఒకటి కాదు. భాస్వరం మట్టి రేణువులను, అందునా ఎర్రనేలలోని ఇనుప తుప్పును అంటిపెట్టుకొంటుంది. నీటిలో అది ఎక్కువైతే అడుగుమట్టి పీల్చుకొంటుంది, నీరు తేటపడితే కొంత తిరిగి వదులుతుంది. అడుగున ఆక్సిజన్ అయిపోతే తుప్పులోని ఇనుము కరిగి, పట్టి ఉంచిన భాస్వరాన్ని విడిచిపెడుతుంది. దానితో నాచు పెరుగుతుంది. ఆ నాచు కుళ్లితే ఆక్సిజన్ మరింత తగ్గుతుంది. రైతులు ఎరువు తగ్గించినా చెరువు ఏళ్ల తరబడి పచ్చగానే ఉండడానికి కారణమిదే.

నైట్రేటు మట్టికి అంటదు, నీటితోపాటు బావుల్లోకి దిగుతుంది. తాగేనీటిలో అది లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదు. మించితే పసిబిడ్డల రక్తానికి ఆక్సిజన్ మోసే శక్తి తగ్గుతుంది. అయితే గాలి తగలని బురదలోని బాక్టీరియా నైట్రేటును నత్రజని వాయువుగా మార్చి గాలిలోకి పంపేస్తుంది. అంటే భాస్వరం విషయంలో చెరుపు చేసే బురదే ఇక్కడ మేలు చేస్తుందన్నమాట.

2018 జూన్‌లో కోరమంగల–చల్లఘట్ట లోయ పథకం కింద బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి కోలారు చెరువులకు వదలడం మొదలుపెట్టారు. రోజుకు 440 మిలియన్ లీటర్లతో 126 చెరువులు నింపాలన్నది తలపెట్టిన లెక్క. కరువు సీమకు నీరు రావడం చిన్న మేలు కాదు. కాని ఆ శుద్ధి రెండో దశతో ఆగేది కావడంతో నత్రజని, భాస్వరం చాలావరకు నీటిలోనే మిగులుతాయి. అంతకన్నా మమ్మల్ని కలవరపెట్టేది వేరే ఉంది. ఎప్పుడూ నిండి ఉండే చెరువులో వేసవి పూడికతీత కుదరదు. పొలానికి తిరిగి చేరవలసిన భాస్వరం అడుగునే పేరుకొంటుంది.

ఏ చెరువు మట్టినైనా కళ్లు మూసుకొని తోలుకోమని మేమనడం లేదు. బంగారు గనులు 2001లో మూతపడ్డాయి గాని సయనైడు దిబ్బలు అక్కడే ఉన్నాయి. వానకు ఆ పొడి వంకల్లోకి దిగుతుంది. ఆ దిగువ చెరువుల మట్టిని పరీక్ష చేయించకుండా పొలంలో వేయరాదు. మిగతా చోట్ల కూడా పరీక్ష మంచిదే. పూడికలో భాస్వరం ఎంత ఉందో తేలితే ఆ మేరకు డీఏపీ తగ్గించుకోవచ్చు.