అదనపు ట్రాన్స్‌మిషన్ కూలర్

అదనపు ట్రాన్స్‌మిషన్ కూలర్ అనగా ఆటోమేటిక్ గేర్‌బాక్సులో తిరిగే నూనెను చల్లబరచుటకు వాహనం ముందు భాగంలో ప్రత్యేకంగా అమర్చే చిన్న రేడియేటర్. కంపెనీ నుండి వచ్చిన శీతలీకరణ ఏర్పాటు సరిపోని చోట, ముఖ్యంగా ఎస్‌యూవీల వంటి బరువైన వాహనాలకు, దీనిని అమరుస్తారు. గేర్‌బాక్సు పాడవడానికి గల ముఖ్య కారణాలలో అధిక వేడి ఒకటి కనుక ఈ చిన్న పరికరం దాని ఆయుష్షును పెంచగలదు. అయితే సరిగా అమర్చని కూలర్ నుండి నూనె కారిపోతే, ఏ గేర్‌బాక్సును కాపాడాలనుకున్నారో అదే కొద్ది నిమిషాలలో పాడవుతుంది. శ్రీకాకుళం జిల్లాలోని నౌపడ వంటి ఉప్పు మడుల ప్రాంతాలలో తుప్పు కారణంగా ఈ ప్రమాదం మరింత ఎక్కువ.

వేడి పుట్టే విధానం

చేతితో గేర్లు మార్చే వాహనంలో ఇంజనుకు, గేర్‌బాక్సుకు మధ్య క్లచ్ పలక ఉంటుంది. టార్క్ కన్వర్టర్ గల ఆటోమేటిక్ వాహనంలో ఆ పని నూనె చేస్తుంది. ఇంజను తిప్పే ఒక చక్రం నూనెను వేగంగా విసరగా, ఆ నూనె తాకిడికి ఎదురుగా ఉన్న రెండవ చక్రం తిరుగుతుంది. రెండవ చక్రం సాధారణంగా మొదటిదాని కంటే కొంత వెనుకబడి తిరుగుతుంది. ఈ తేడాను జారుడు అంటారు. జారుడులో నష్టపోయిన శక్తి అంతా నూనెలో వేడిగా మారుతుంది.

ఉదాహరణకు నిటారైన ఘాట్ రోడ్డుపై టార్క్ కన్వర్టర్‌కు 60 కిలోవాట్ల శక్తి అందుతున్నదని, అందులో 80 శాతం మాత్రమే అవతలి వైపుకు చేరుతున్నదని అనుకుంటే, మిగిలిన 12 కిలోవాట్లు వేడిగా మారతాయి. ఇది ఒక్కొక్కటి వెయ్యి వాట్ల శక్తి గల పన్నెండు నీటి హీటర్లను ఒకేసారి నూనెలో ముంచినట్లు. చదునైన రహదారిపై నిలకడ వేగంతో వెళ్ళేటప్పుడు లాకప్ క్లచ్ ఈ రెండు చక్రాలను కలిపివేస్తుంది. అప్పుడు జారుడు దాదాపు ఉండదు, వేడి కూడా తక్కువే. అందువలన గేర్‌బాక్సు వేడెక్కడం వాహన వేగం కంటే బరువు, ఎత్తు, నిదానపు ప్రయాణం అనే మూడింటిపై ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

చరిత్ర

ద్రవం ద్వారా శక్తిని అందించే యంత్రానికి జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫోటింగర్ 1905లో పేటెంటు పొందాడు. దానిని మొదట ఓడలలో వాడారు. అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థ 1939లో, 1940 మోడలు ఓల్డ్స్‌మొబిల్ కార్లతో, హైడ్రామాటిక్ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్సును ప్రవేశపెట్టింది. పెద్ద సంఖ్యలో తయారైన మొదటి పూర్తి ఆటోమేటిక్ ఇదే. 1948 మోడలు బ్యూక్ కార్లలో వచ్చిన డైనాఫ్లో గేర్‌బాక్సుతో టార్క్ కన్వర్టర్ ప్రయాణికుల కార్లలోకి వచ్చింది. అమెరికాలో పడవలను, నివాస ట్రైలర్లను కార్లతో లాగే అలవాటు ఎక్కువ కావడంతో అదనపు కూలర్ అక్కడ సాధారణ పరికరమైంది.

భారతదేశంలో ఆటోమేటిక్ ఎస్‌యూవీలు ఆలస్యంగా వ్యాపించాయి. మహీంద్రా స్కార్పియో 2008లో ఆటోమేటిక్ గేర్‌బాక్సుతో వచ్చింది. 2016లో వచ్చిన రెండవ తరం టయోటా ఫార్చ్యూనర్, 2022లో వచ్చిన స్కార్పియో-ఎన్ వాహనాలలో ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ లభించింది.

నూనెపై వేడి ప్రభావం

ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ నూనెను క్లుప్తంగా ఏటీఎఫ్ అంటారు. ఇది శక్తిని అందిస్తుంది, పిస్టన్లను కదిలిస్తుంది, క్లచ్ పలకలను చల్లబరుస్తుంది, పళ్ళ చక్రాల అరుగుదలను తగ్గిస్తుంది. సాధారణంగా 80 నుండి 95 డిగ్రీల సెల్సియస్ వద్ద ఇది చక్కగా పనిచేస్తుంది. పాత తరం ఖనిజ నూనెల విషయంలో మెకానిక్కులు వాడే స్థూలమైన లెక్క ఈ విధంగా ఉంటుంది:

* సుమారు 115 డిగ్రీలు: నూనెలో వార్నిష్ వంటి జిగురు పొర ఏర్పడడం మొదలవుతుంది.
* సుమారు 127 డిగ్రీలు: రబ్బరు సీళ్ళు గట్టిపడతాయి.
* సుమారు 146 డిగ్రీలు: క్లచ్ పలకలు జారి మాడిపోతాయి.
* సుమారు 157 డిగ్రీలు: సీళ్ళు, క్లచ్‌లు కాలిపోయి నూనెలో బొగ్గు ఏర్పడుతుంది.

ఉష్ణోగ్రత ప్రతి 11 డిగ్రీలు పెరిగినప్పుడు నూనె ఆయుష్షు సగం అవుతుందని కూడా ఇదే లెక్క చెబుతుంది. దీని ప్రకారం 80 డిగ్రీల వద్ద 1,60,000 కిలోమీటర్లు మన్నే నూనె, 102 డిగ్రీల వద్ద 40,000 కిలోమీటర్లకే పాడవుతుంది. నేటి సింథటిక్ నూనెలు ఇంతకంటే ఎక్కువ వేడిని తట్టుకుంటాయి. అయినా వేడి పెరిగేకొద్దీ ఆయుష్షు తగ్గుతుందనే సూత్రం వాటికీ వర్తిస్తుంది. కొత్త నూనె చాలా రకాలలో ఎర్రగా ఉంటుంది. గోధుమ రంగుకు మారి మాడు వాసన వస్తే అది వేడికి పాడైనట్లు గుర్తు.

ఎవరికి అవసరం

అన్ని ఆటోమేటిక్ వాహనాలకు ఈ కూలర్ వర్తించదు. 2014లో మారుతీ సెలెరియోతో భారతదేశంలో ప్రాచుర్యం పొందిన ఏఎంటీ రకంలో టార్క్ కన్వర్టర్ ఉండదు. అది సాధారణ గేర్‌బాక్సే. క్లచ్‌ను, గేర్లను మోటార్లు లేదా హైడ్రాలిక్ పరికరాలు కదిలిస్తాయి. పొడి క్లచ్‌లు గల డీసీటీలో క్లచ్ వేడిని నూనె మోసుకుపోదు. ఈ రెండింటిలోనూ నూనె కూలర్ బిగించడం వలన క్లచ్ వేడి తగ్గదు. టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్, కొన్ని సీవీటీ రకాలు, నూనెలో మునిగి ఉండే క్లచ్‌లు గల డీసీటీలలో మాత్రమే నూనె శీతలీకరణ ముఖ్యం. వీటిలో కూడా చాలావాటికి కంపెనీయే కూలర్ అమర్చి ఇస్తుంది.

ఉత్తరాంధ్రలో రెండు రకాల ప్రయాణాలను పోల్చి చూడవచ్చు. శ్రీకాకుళం నుండి టెక్కలి, పలాస మీదుగా ఇచ్ఛాపురం వెళ్ళే 16వ నెంబరు జాతీయ రహదారిపై నిలకడ వేగంతో వెళ్ళే వాహనంలో లాకప్ క్లచ్ పనిచేస్తూ ఉంటుంది. కావున అదనపు కూలర్ వలన పెద్ద ప్రయోజనం ఉండదు. విజయనగరం జిల్లా శృంగవరపుకోట నుండి అనంతగిరి మీదుగా సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకులోయకు నిండు బరువుతో, వేసవి మధ్యాహ్నం, లారీల వెనుక నిదానంగా ఎక్కే వాహనం పరిస్థితి వేరు. సముద్రతీరపు మెత్తని ఇసుకలో చక్రాలు కూరుకుపోయి ఇంజను గట్టిగా లాగవలసి వచ్చినప్పుడు కూడా జారుడు విపరీతంగా పెరుగుతుంది. కూలర్ కొనేముందు ఓబీడీ పరికరంతో నూనె ఉష్ణోగ్రతను కొన్ని ప్రయాణాలలో పరిశీలించడం మంచిది. ఉష్ణోగ్రత తరచుగా 110 డిగ్రీలు దాటకపోతే సకాలంలో నూనె మార్పించుకోవడమే చాలు.

రకాలు

* గొట్టం-రెక్కల కూలర్: ఒకే పొడవైన గొట్టం వంకరలు తిరుగుతూ రెక్కల మధ్య నుండి పోతుంది. ధర తక్కువ, చల్లబరచే శక్తి కూడా తక్కువ.
* పలక-రెక్కల కూలర్: నూనె సన్నని బల్లపరుపు పలకలలో ప్రవహిస్తుంది. అదే పరిమాణంలో ఎక్కువ వేడిని విడుదల చేస్తుంది.
* పేర్చిన పలకల కూలర్: పలకలు ఒకదానిపై ఒకటి పేర్చి అతికించబడి ఉంటాయి. నూనె చిక్కగా ఉన్నప్పుడు తక్కువ నిరోధం గల మార్గాలలో ముందుకు సాగి, వేడెక్కిన తరువాత అన్ని మార్గాలలోకి విస్తరిస్తుంది. బరువైన వాహనాలకు దీనిని ఎక్కువగా ఎంచుకుంటారు.

చలి ప్రాంతాలలో నూనె మరీ చల్లబడకుండా థర్మోస్టాట్ వాల్వు కూడా అమరుస్తారు. కోస్తా ఆంధ్ర వాతావరణంలో దాని అవసరం తక్కువ.

అమర్చే విధానం

చాలా వాహనాలలో వేడి నూనె గేర్‌బాక్సు నుండి బయలుదేరి, ఇంజను రేడియేటర్ తొట్టిలోని చిన్న కూలర్ గుండా పోయి, తిరిగి గేర్‌బాక్సుకు చేరుతుంది. అదనపు కూలర్‌ను సాధారణంగా ఈ తిరుగు పైపుపై అమరుస్తారు. దీనివలన ఎక్కువ వేడిని రేడియేటర్ నీరు తీసుకోగా, మిగిలినది గాలికి పోతుంది. కొన్ని వాహనాలలో నూనె-నీటి కూలర్ గేర్‌బాక్సుకే బిగించి ఉంటుంది. అటువంటి వాటికి ఆ మోడలు కోసం తయారైన అడాప్టర్ లేకుండా పని మొదలుపెట్టరాదు.

# ఇంజను పూర్తిగా చల్లారిన తరువాత ముందు బంపరు లేదా గ్రిల్ తొలగించాలి.
# ఏసీ కండెన్సర్ ముందు గాలి బాగా తగిలే చోటును ఎంచుకోవాలి. కండెన్సర్‌ను పూర్తిగా కప్పివేస్తే ఏసీ చల్లదనం తగ్గుతుంది.
# కూలర్‌ను చట్రానికి బ్రాకెట్లతో బిగించడం శ్రేష్ఠం. కండెన్సర్ రెక్కల గుండా దూర్చే ప్లాస్టిక్ కడ్డీలు సులువైనవే గాని, కుదుపులకు రాసుకొని కండెన్సర్‌కు రంధ్రం పడవచ్చు.
# పైపు మూతులు పైకి గాని పక్కకు గాని ఉండేలా అమర్చాలి. కిందికి ఉంటే కూలర్‌లో గాలి చిక్కుకుంటుంది.
# తిరుగు పైపు ఏదో వాహనపు సర్వీసు పుస్తకం ద్వారా నిర్ధారించుకోవాలి. ఇంజను వేడెక్కాక థర్మామీటర్‌తో చూస్తే రెండింటిలో తక్కువ వేడిగా ఉన్నది తిరుగు పైపు.
# ఏటీఎఫ్‌ను, దాని వేడిని, ఒత్తిడిని తట్టుకునే రబ్బరు గొట్టాన్నే వాడాలి. నీటి గొట్టం నూనెకు ఉబ్బి చీలిపోతుంది.
# గొట్టం మూతిపైకి సుమారు 25 మిల్లీమీటర్లు ఎక్కాలి. ఉబ్బెత్తు అంచు దాటిన తరువాత క్లాంపు బిగించాలి. అంచు లేని నున్నటి ఇనుప పైపుపై కేవలం క్లాంపును నమ్మరాదు.
# గొట్టాలు సైలెన్సర్ పైపుకు, ఫ్యానుకు, స్టీరింగ్ భాగాలకు తగలరాదు. మడత పడేలా వంచరాదు.
# వాహన తయారీదారు సూచించిన రకం ఏటీఎఫ్‌ను మాత్రమే, కూలర్‌లో, గొట్టాలలో నిండినంత మేరకు అదనంగా పోయాలి.

నూనె మట్టాన్ని చూసే పద్ధతి వాహనాన్ని బట్టి మారుతుంది. కొలపుల్ల ఉన్న వాహనాలలో చాలావాటికి ఇంజను నడుస్తుండగా చూడాలి. కొలపుల్ల లేని గేర్‌బాక్సులలో వాహనాన్ని సమతలంగా నిలిపి, నూనె నిర్దేశించిన ఉష్ణోగ్రతకు చేరినప్పుడు అడుగున ఉన్న మరను తీసి, నూనె సన్నగా కారుతున్నదా అని చూస్తారు. ఈ పని లిఫ్టు ఉన్న వర్క్‌షాపులోనే క్షేమం. నూనె తక్కువైనా ఎక్కువైనా నష్టమే. ఎక్కువైతే తిరిగే భాగాలు దానిని చిలికి నురుగు చేస్తాయి. నురుగులోని గాలి వలన క్లచ్‌లకు ఒత్తిడి చాలదు.

పాత గేర్‌బాక్సు అంతకుముందే కాలిపోయి ఉంటే, పాత కూలర్‌లో చేరిన మురికిని శుభ్రం చేయకుండా కొత్త కూలర్ కలపరాదు. ఆ మురికి తిరిగి గేర్‌బాక్సులోకి చేరుతుంది.

రేడియేటర్‌ను తప్పించడం

రేడియేటర్ లోపలి కూలర్ తుప్పు పట్టి చిల్లు పడితే శీతలీకరణ నీరు, ఏటీఎఫ్ కలిసిపోయి గులాబీ రంగు మజ్జిగ వలె మారతాయి. నీరు తగిలిన క్లచ్ పలకల పూత ఊడిపోతుంది. ఈ భయంతో కొందరు రేడియేటర్‌ను పూర్తిగా తప్పించి, నూనెను అదనపు కూలర్ గుండా మాత్రమే పంపిస్తారు. అప్పుడు చల్లదనమంతా గాలిపైనే ఆధారపడుతుంది. వాహనం నిలిచిపోయిన ట్రాఫిక్‌లో, నిదానపు ఘాట్ ప్రయాణంలో గాలి తగ్గుతుంది కనుక పెద్ద కూలర్, అవసరమైతే విద్యుత్ ఫ్యాను ఉండాలి. పాత రేడియేటర్‌ను సకాలంలో మార్చి, రెండు కూలర్లనూ వాడడం ఇంతకంటే నమ్మకమైన మార్గం.

ఉప్పుగాలి ప్రాంతాలలో

నౌపడ శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలోని గ్రామం. హౌరా-చెన్నై ప్రధాన రైలు మార్గంలోని జంక్షన్‌గా, గుణుపురం వెళ్ళే శాఖా మార్గం మొదలయ్యే చోటుగా, ఉప్పు మడులకు నెలవుగా ఇది ప్రసిద్ధి చెందింది. సముద్రపు గాలిలోని సన్నని ఉప్పు తుంపరలు, మడుల నుండి, ఉప్పు లారీల నుండి రేగే ధూళి వాహనాల ముందు భాగంలో పేరుకుంటాయి. కూలర్ అమర్చేది కూడా సరిగ్గా అక్కడే.

అల్యూమినియం ఉపరితలంపై సహజంగా ఉండే ఆక్సైడ్ పొర దానిని తుప్పు నుండి కాపాడుతుంది. ఉప్పులోని క్లోరైడ్ అయాన్లు ఈ పొరను అక్కడక్కడా ఛేదించి సూది మొన వంటి గుంటలు చేస్తాయి. పలుచని పలకలు గల కూలర్‌కు అటువంటి ఒక్క గుంట లోపలి దాకా పోతే చాలు, నూనె కారడం మొదలవుతుంది. అల్యూమినియం కూలర్‌కు ఇత్తడి మూతులు బిగించినప్పుడు, ఆ అతుకు వద్ద ఉప్పునీరు తగిలితే రెండు లోహాలు బ్యాటరీ వలె ప్రవర్తించి అల్యూమినియం కరిగిపోతుంది. గాలిలోని తేమను ఉప్పు పీల్చుకుంటుంది కనుక వర్షం లేని రోజులలో కూడా ఈ చర్య ఆగదు.

ఇటువంటి చోట్ల పాటించవలసిన జాగ్రత్తలు:

* కూలర్‌తో బాటు దాని మూతులు కూడా అల్యూమినియంతో చేసినవే ఎంచుకోవాలి.
* ఇనుప బ్రాకెట్లకు, కూలర్‌కు మధ్య రబ్బరు లేదా ప్లాస్టిక్ వాషర్లు వేయాలి.
* కంపెనీ వేసిన పలుచని నల్లపూత ఉన్న కూలర్ మంచిది. తరువాత మందంగా రంగు వేస్తే వేడి బయటకు పోదు.
* వారానికొకసారి గ్రిల్ వెనుక మంచినీటితో, తక్కువ ఒత్తిడితో కడగాలి. ఎక్కువ ఒత్తిడికి రెక్కలు వంగిపోతాయి.
* అమర్చిన మరుసటి రోజు, వారం తరువాత, ఆపై ప్రతి సర్వీసులో అతుకులను, ఇనుప పైపులను పరిశీలించాలి.

కూలర్ల మన్నికను ప్రయోగశాలలో 5 శాతం ఉప్పునీటి తుంపరలో, 35 డిగ్రీల వద్ద పరీక్షిస్తారు. ఆ పరీక్షలో ఎన్ని గంటలు నిలిచిందో చెప్పే కూలర్ తీరప్రాంతానికి మేలైన ఎంపిక.

వాహనం కింద ఎర్రటి నూనె మరకలు కనిపించినా, గేరు పడడం ఆలస్యమైనా, ఇంజను వేగం పెరిగి వాహనం కదలకపోయినా వెంటనే ఆపివేయాలి. వర్క్‌షాపు దాకా నడుపుకొని పోదామనుకుంటే, చిన్న గొట్టంతో పోయే మరమ్మతు మొత్తం గేర్‌బాక్సు మార్చే ఖర్చుకు దారితీస్తుంది.

చట్టం, వారంటీ

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదు. నూనె కూలర్ ఆ పత్రంలో నమోదయ్యే వివరం కాదు. అయితే వారంటీ ఉన్న వాహనంలో గేర్‌బాక్సు పైపులను కత్తిరిస్తే ఆ భాగానికి వారంటీని నిరాకరించే అవకాశం ఉన్నది. కనుక వారంటీ కాలంలో కంపెనీ అనుమతించిన కూలర్‌ను మాత్రమే అమర్చుకోవడం మంచిది.

ఇవి కూడా చూడండి

* టార్క్ కన్వర్టర్
* రేడియేటర్
* తుప్పు
* నౌపడ