కంప్యూటరు ముసలిదవుతుందా?

మీ ఇంట్లో పదేళ్ల కిందట కొన్న కంప్యూటరు ఒకటి ఉందనుకోండి. కొత్తలో మీట నొక్కిన నిముషానికల్లా పనికి సిద్ధమయ్యేది. ఇప్పుడు మీట నొక్కి, స్నానం చేసి, తల దువ్వుకొని వచ్చినా తెరమీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి. "దానికి వయసైపోయింది, పాత సామాన్లవాడికి ఇచ్చేద్దాం" అంటారు ఇంట్లో పెద్దవాళ్లు. మదనపల్లెలో అయినా, పుంగనూరులో అయినా, కుప్పంలో అయినా వినబడేది ఈ మాటే. కొత్తది కొనాలంటే వేల రూపాయల సంగతి. ఆ డబ్బుతో ఒక పిల్ల కాలేజీ ఫీజు కట్టవచ్చు, అర ఎకరం టమోటాకు మందులు, కట్టెలు కొనవచ్చు. కాబట్టి తీర్పు చెప్పేముందు కొంచెం విచారణ జరపడం న్యాయం.

ఎద్దు ముసలిదవుతుంది. సైకిలు గొలుసు అరుగుతుంది. మరి కంప్యూటరులో లెక్కలు చేసే ప్రాసెసరు? అందులో కదిలే భాగం ఒక్కటి కూడా లేదు. ఒక క్వార్ట్జ్ స్ఫటికం కంపనాలను ఆధారం చేసుకొని అది తాళం తప్పకుండా పనిచేస్తుంది. 3 గిగాహెర్ట్జ్ అని రాసి ఉంటే సెకండుకు 300 కోట్ల స్పందనలన్నమాట. కొన్ననాడూ అన్నే, పదేళ్ల తరువాతా అన్నే. ఎలక్ట్రానులు అలసిపోవు.

మరి మారిందేమిటి? మోయవలసిన బరువు మారింది.

కుప్పం ప్రాంతానికి కంప్యూటరు కొత్తదేమీ కాదు. 2002లోనే హ్యూలెట్ పాకార్డ్ కంపెనీ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి అక్కడ ఐ-కమ్యూనిటీ అనే పథకం మొదలుపెట్టి, పల్లెల్లో సమాచార కేంద్రాలు తెరిచాయి. ఆ రోజుల్లో కొత్తగా వచ్చిన విండోస్ ఎక్స్‌పీకి కనీసం 64 మెగాబైట్ల ర్యామ్ ఉంటే చాలు. 2021లో వచ్చిన విండోస్ 11కు కనీసం 4 గిగాబైట్లు కావాలి. లెక్కవేసి చూడండి, సరిగ్గా 64 రెట్లు! వెబ్‌పేజీలు, బొమ్మలు, వీడియోలు కూడా అలాగే లావెక్కాయి. యంత్రం మాత్రం కొన్నప్పటిదే. అది నెమ్మదించలేదు, దాని మూపు మీద మూటలు పెరిగాయి.

ఎక్కడ ఆగిపోతోంది?

"సార్, అయితే ర్యామ్ కొంటే సరిపోతుందా?" అని ఎవరో ఒకరు వెంటనే అడుగుతారు. సరిపోవచ్చు, సరిపోకపోవచ్చు. జ్వరం ఏమిటో తెలియకుండా మాత్ర మింగకూడదు కదా. పని ఎక్కడ ఆగుతోందో ముందు కనుక్కోవాలి. విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ కనిపిస్తుంది. ప్రాసెసరు, మెమరీ, డిస్కు ఒక్కొక్కటీ ఎన్ని శాతం పనిలో ఉన్నాయో అందులో చూడవచ్చు. పాత కంప్యూటర్లలో తరచుగా కనిపించే దృశ్యం ఇది: ప్రాసెసరు పది శాతం దగ్గర ఖాళీగా కూర్చుని ఉంటుంది, మెమరీ నిండిపోయి ఉంటుంది, డిస్కు 100 శాతం దగ్గర రొప్పుతూ ఉంటుంది.

ఎందుకిలా? మదనపల్లె టమోటా మార్కెట్టును ఊహించుకోండి. వ్యాపారి మండీ ముందున్న స్థలమే ర్యామ్. అక్కడున్న క్రేట్లను చేయి చాపి అందుకోవచ్చు. స్థలం నిండిపోతే? కొన్ని క్రేట్లను ఊరవతలి గోడౌనుకు పంపాలి. అవి మళ్లీ కావాలంటే వేరేవాటిని పంపి, వీటిని తెప్పించాలి. కాసేపటికి లారీలు తిరగడమే మిగులుతుంది, బేరం సాగదు. ర్యామ్ చాలనప్పుడు కంప్యూటరు చేసే పని సరిగ్గా ఇదే. ఆ గోడౌనే హార్డ్ డిస్కు.

గోడౌను ఎంత దూరమో లెక్క కడదాం. హార్డ్ డిస్కు నిముషానికి 7200 సార్లు తిరిగే పళ్లెం. అంటే సెకండుకు 120 చుట్లు. ఒక చుట్టుకు సుమారు 8 మిల్లీసెకండ్లు పడుతుంది. కావలసిన సమాచారం చదివే ముల్లు కిందికి రావడానికి సగటున సగం చుట్టు, అంటే 4 మిల్లీసెకండ్లు కాచుకోవాలి. ఆ ముల్లు సరైన వలయం మీదికి జరగడానికి మరో 9 వేసుకోండి. మొత్తం 13 మిల్లీసెకండ్లు. ర్యామ్‌కో? సుమారు సెకండులో కోటోవంతు చాలు. తేడా లక్షా ముప్పై వేల రెట్లు. ర్యామ్ నుండి ఒక వస్తువు తేవడానికి ఒక సెకండు పడుతుందనుకుంటే, హార్డ్ డిస్కు నుండి తేవడానికి 36 గంటలు పడుతుందన్నమాట!

కదిలే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీ అనే కొత్తరకం డిస్కు ఉంది. దానికి మిల్లీసెకండులో పదోవంతు చాలు. మన లెక్కలో 17 నిముషాలు. 36 గంటలెక్కడ, 17 నిముషాలెక్కడ? పాత కంప్యూటరుకు ఒక్క మార్పే చేయగలిగితే నేను హార్డ్ డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టమంటాను. 2000 దశకం చివరినుండి వచ్చిన ఇంటి కంప్యూటర్లలో చాలావాటికి అది అదే తీగకు తగులుకుంటుంది. ర్యామ్ సంగతి రెండవది. అది కొనేముందు పాతది డీడీఆర్2 రకమో డీడీఆర్3 రకమో చూసుకోవాలి. గాడి వేరు వేరు చోట్ల ఉంటుంది గనుక ఒకటి ఇంకొకదానిలో దిగదు. 32-బిట్ విండోస్ ఉన్నవారికి ఇంకొక ఆటంకం. 2ను 32 సార్లు గుణించి చూడండి, 429 కోట్ల పైచిలుకు వస్తుంది. అన్ని బైట్లకు, అంటే 4 గిగాబైట్లకు మాత్రమే ఇంటి విండోస్ చిరునామాలు ఇవ్వగలదు. అంతకు మించి ర్యామ్ కొనడం దండుగ.

పైసా ఖర్చు లేని పనులూ ఉన్నాయి. కంప్యూటరు తెరవగానే తమంతట తామే లేచి కూర్చునే ప్రోగ్రాములు పది పన్నెండు ఉంటాయి. టాస్క్ మేనేజర్‌లోని స్టార్టప్ పట్టికలో అవసరం లేనివాటిని ఆపేయవచ్చు. రెండు యాంటీవైరస్‌లు ఉంటే ఒకటి తీసేయాలి, ప్రతి ఫైలునూ రెండూ తనిఖీ చేస్తుంటే పనెలా జరుగుతుంది? "మీ కంప్యూటరు వేగాన్ని పది రెట్లు పెంచుతాం" అనే ఉచిత ప్రోగ్రాముల జోలికి మాత్రం పోకండి. మూటలు దించుతామని వచ్చి ఇంకొక మూట ఎక్కించే రకం అవి.

దుమ్ము సంగతి మరచిపోకూడదు. సుమారు 100 డిగ్రీల సెల్సియస్ వేడి చేరితే చాలా ప్రాసెసర్లు తమను తాము కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటాయి. మదనపల్లె ఎత్తున ఉన్న ఊరు, ఎండాకాలంలో కాస్త చల్లగా ఉంటుందన్న ధీమా ఇక్కడ పనికిరాదు, ఈ వేడి లోపలినుండి పుట్టేది. ఎర్రమట్టి దుమ్ము, కుప్పం వైపు గ్రానైటు కోత పొడి ఫ్యాను రెక్కలమీద మందంగా పేరుకుంటే గాలి ఆడదు. తెరిచిన పావుగంట వరకు బాగానే నడిచి, తరువాత మందగిస్తే అనుమానం దీనిమీదే. ప్లగ్గు పూర్తిగా తీసి, పెట్టె తెరిచి, ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకొని మెత్తటి కుంచెతో దులపండి. పెద్దవాళ్లను దగ్గర ఉంచుకోండి. వెనకవైపున్న పవర్ సప్లై పెట్టెను మాత్రం తెరవవద్దు. ప్లగ్గు తీసిన తరువాత కూడా దాని కెపాసిటర్లలో షాకు కొట్టేంత విద్యుత్తు నిలిచి ఉండవచ్చు.

తాళం వేసుకోని ఇల్లు

వేగం ఒక్కటే చాలదు. 2017 మే 12న వానాక్రై అనే కీటకం లోకం మీద పడింది. ఇది కంప్యూటరులోని ఫైళ్లన్నిటికీ రహస్యలిపితో తాళం వేసి, 300 డాలర్లు ఇస్తేనే తీస్తానని తెరమీద బెదిరించేది. 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దీని బారిన పడ్డాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోనూ చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లోని 18 విభాగాల కంప్యూటర్లు దెబ్బతిన్నట్లు మరునాడు వార్తలు వచ్చాయి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ ఆనాడు చిత్తూరు జిల్లాలోనివే.

ఈ సంఘటనలో గమనించవలసిన విషయం ఒకటుంది. వానాక్రై దూరిన కన్నం విండోస్‌లో ఫైళ్లు పంచుకునే భాగంలో ఉంది. ఆ కన్నానికి మాటు వేసే సవరణను మైక్రోసాఫ్ట్ మార్చి 14ననే, అంటే దాదాపు రెండు నెలల ముందే విడుదల చేసింది. దెబ్బతిన్నవాటిలో అత్యధికం మద్దతు లేని ఎక్స్‌పీ యంత్రాలు కావు, అప్పటికి మద్దతు ఉన్న విండోస్ 7 యంత్రాలు. మందు వచ్చింది, వేసుకున్నవారు లేరు! యంత్రం పాతదా కొత్తదా అని కీటకం చూడలేదు. కన్నం తెరిచి ఉందా లేదా అన్నదే చూసింది.

చిన్న ఊళ్లలో ఇది తరచుగా జరిగే పొరపాటు. కొన్ని దుకాణాల్లో దొంగ ప్రతి విండోస్ ఎక్కించి, బండారం బయటపడకుండా అప్‌డేట్లు రాకుండా కట్టేస్తారు. తలుపు గడియ ఊడబీకి తాళంచెవి చేతికిచ్చినట్లుంటుంది ఆ సేవ.

ఇప్పుడు పాత కంప్యూటర్లకు ఇంకొక చిక్కు వచ్చింది. విండోస్ 10కు మామూలు సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. ఇళ్లలో వాడేవారికి అదనపు రక్షణ పథకం గడువు 2026 అక్టోబరు 13గా ప్రకటించారు. విండోస్ 11 ఎక్కిద్దామంటే అది టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలంటుంది, పాత ప్రాసెసర్లను అంగీకరించదు. ఏం చేయాలి?

పుంగనూరు ఆవును చూశారా? దాదాపు మూడడుగుల ఎత్తు, కొంచెం మేతతో సరిపెట్టుకుంటుంది, పాలు మాత్రం చిక్కన. కంప్యూటర్లలోనూ అలాంటిది ఒకటుంది, లైనక్స్. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండు విద్యార్థి మొదలుపెట్టిన ఈ వ్యవస్థ ఉచితం. దీనిలో చాలా రూపాలున్నాయి. వాటిలో లుబుంటు, లైనక్స్ మింట్ ఎక్స్ఎఫ్‌సీఈ వంటివి తేలికైనవి. కొత్త సవరణలూ ఎప్పటికప్పుడు అందుతాయి. తెలుగులోనూ రాసుకోవచ్చు. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ తెలుగులో పనిచేసే లైనక్స్‌నే తయారు చేసింది. పెన్‌డ్రైవ్ నుండి నడిపి, డిస్కును తాకకుండానే పరీక్షించుకోవడం ఇందులో మంచి సదుపాయం. ప్రింటరు పలుకుతోందా, వైఫై దొరుకుతోందా అన్నవి అప్పుడే చూసుకోవాలి. అయితే మీ నాన్నగారు దుకాణం లెక్కలు ట్యాలీలో రాస్తుంటే తొందరపడకండి. విండోస్ కోసం రాసిన ప్రోగ్రాములు అన్నీ ఇందులో నడవవు. చదువుకోవడానికి, ఉత్తరాలు రాయడానికి, ప్రోగ్రామింగు నేర్చుకోవడానికి ఇది ధారాళంగా చాలు.

ఏ వ్యవస్థ ఉన్నా, ఇంటి ఫోటోలు, పొలం కాగితాల ప్రతులు, మార్కుల జాబితాలు ఇంకొక చోట కూడా ఉండాలి. బయటి డిస్కులోకి నకలు తీసి, వెంటనే తీగ ఊడదీసి బీరువాలో పెట్టండి. తగిలించే ఉంచితే లాభం లేదు, వానాక్రై తగిలించి ఉన్న డిస్కులకు కూడా తాళం వేసింది. జెరాక్సు షాపుకు తీసుకువెళ్లి తెచ్చిన పెన్‌డ్రైవును తనిఖీ చేయకుండా తెరవకండి. ఉన్నట్టుండి కరెంటు పోతే రాస్తున్న ఫైలు సగంలో చెడుతుంది కాబట్టి చిన్న యూపీఎస్ ఉంచుకోవడం మేలు. పిడుగులు పడేటప్పుడు అదీ కాపాడదు, గోడ ప్లగ్గు తీసేయడమే ఉపాయం. డిస్కునుండి టిక్ టిక్ మని కొత్త చప్పుడు వస్తుంటే మాత్రం మిగతా పనులన్నీ ఆపి నకలు తీయాలి. పళ్లెం, ముల్లు నిజంగా అరిగే భాగాలు. వయసన్నది ఉంటే దానికే ఉంది.

ఇంకొక చిన్న సంగతి. కొన్ని పాత కంప్యూటర్లు ప్లగ్గు తీసి పెట్టినప్పుడల్లా తేదీ మరచిపోయి ఎన్నో ఏళ్లు వెనక్కి పోతాయి. అప్పుడు బ్యాంకు పేజీ, పరీక్షా ఫలితాల పేజీ తెరుచుకోవు. ప్రతి భద్రమైన వెబ్‌సైటుకూ ఒక ధ్రువపత్రం, దానికి ఫలానా తేదీ నుండి ఫలానా తేదీ వరకు అని గడువు ఉంటాయి. కంప్యూటరు తన గడియారం చూసుకొని "ఈ పత్రం ఇంకా పుట్టనేలేదే!" అని తిరస్కరిస్తుంది. ఇంటర్నెట్టు పాడైందని అనుకొని జనం ఎవరెవరికో ఫోన్లు చేస్తారు. తప్పు మదర్‌బోర్డు మీద నాణెంలా మెరిసే 3 వోల్టుల ఘటానిది. దాని పేరు సీఆర్ 2032. 20 అంటే మిల్లీమీటర్లలో వ్యాసం, 32 అంటే మందం 3.2 మిల్లీమీటర్లు. గడియారాల దుకాణంలో దొరుకుతుంది. ప్లగ్గు తీసి, ప్లస్ గుర్తు పాతదానికి ఏ వైపు ఉందో చూసుకొని, అదే వైపు కొత్తది పెట్టి, తేదీ సరిచేయండి.