అక్షరం మారాలంటే అతుకు మారకూడదు

మెడలో గొలుసు ఒక్కటే. దానికి వేలాడే అక్షరం మాత్రం కావలసినప్పుడు తీసి మరోటి పెట్టుకోవచ్చు. ఇవాళ తన పేరులోని మొదటి అక్షరం, రేపు బిడ్డ పుడితే బిడ్డ పేరులోది, ఇంకోనాడు అమ్మ పేరులోది. పేరు చెక్కిన ఉంగరాలు, పేరు డాలర్లు తిరుపతి గాంధీ రోడ్డు అంగళ్లకు కొత్త కాదు. కానీ ఆ నగల్లో అక్షరం ఒకసారి పడిందంటే అంతే, మార్చాలంటే కరిగించాల్సిందే. అక్షరం మార్చుకునే నగ వేరు. దాని వెనక మూడు పనులున్నాయి: లోహం మీద అక్షరం రాయడం, ఒకే అక్షరాన్ని తేడా లేకుండా మళ్లీ మళ్లీ చేయడం, ఏ అక్షరమైనా కూర్చునేలా అతుకు కుదర్చడం. మొదటి రెండూ కంటికి కనిపిస్తాయి. మూడోది కనిపించదు గానీ నగ నిలిచేది దాని మీదే.

రాగి రేకుల మీద తెలుగు

లోహం మీద తెలుగు రాయడంలో ఈ సీమకు ఉన్న పేరు గొప్పది. అన్నమయ్య, ఆయన వంశీకుల సంకీర్తనలను పదహారో శతాబ్దంలో రాగి రేకుల మీద చెక్కించి, తిరుమల గుడిలోని సంకీర్తన భాండాగారంలో భద్రపరిచారు. రేకులు రెండు వేలకు పైమాటే. తాటాకు మీద రాసి ఉంటే ఎన్ని తరాలు నిలిచేవో చెప్పలేం. రాగి మీద చెక్కారు కాబట్టే ఆ పాటలు మనదాకా వచ్చాయి. మహాద్వారం దాటగానే కనిపించే శ్రీకృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి లోహ విగ్రహాలకు భుజాల మీద వాళ్ల పేర్లు చెక్కి ఉన్నాయి. ఆ విగ్రహాలు ఎవరివో చెప్పడానికి పక్కన శాసనం వెతకనక్కరలేదు, ఒంటి మీదే పేరుంది.

ఉలితో చెక్కిన అక్షరానికి ఒక గుణముంది. ఒకే మనిషి, ఒకే రేకు మీద, ఒకే పూట చెక్కినా రెండు ‘క’లు అచ్చంగా ఒక్కలా ఉండవు. చదవడానికి దాంతో ఇబ్బంది లేదు, చూడ్డానికి అందం కూడా. కానీ ఒక అక్షరం తీసి అదే చోట ఇంకో అక్షరం కూర్చోబెట్టాలంటే ఈ పద్ధతి సరిపోదు. ఉలి తర్వాత వచ్చిన పనిముట్లన్నీ ఒకరకంగా ఈ తేడాను తగ్గించే ప్రయత్నాలే.

పేరు రాసే చేతి మిషను

ఉంగరం మీదో, వెండి గ్లాసు మీదో పేరు రాసే చేతి మిషనును మీరు చూసే ఉంటారు. పక్కన ఇత్తడి అక్షరాల పెట్టె ఉంటుంది. కావలసిన అక్షరాలు ఏరి, మిషను గాడిలోకి జారుస్తారు. ఇత్తడి అక్షరంలో తవ్విన గీత వెంట ఒక చేత్తో మొద్దు సూదిని నడిపిస్తే, అవతల ఉంగరం మీద వజ్రపు మొన అదే అక్షరాన్ని చిన్నదిగా గీస్తుంది.

ఈ మిషను పేరు పాంటోగ్రాఫ్. క్రిస్టాఫ్ షైనర్ అనే జర్మన్ మతాచార్యుడు 1603లో దీని మూలరూపాన్ని కనిపెట్టి, 1631లో దీని మీద పుస్తకమే ప్రచురించాడు. నాలుగు కడ్డీలు సమాంతర చతుర్భుజంగా మడతబందులతో కలుస్తాయి. కదలని బిందువు, గీసే మొన, దారి చూపే సూది, ఈ మూడూ ఎప్పుడూ ఒకే సరళరేఖలో ఉంటాయి. కదలని బిందువు నుంచి సూది ఎంత దూరమో, మొన అందులో నాలుగో వంతు దూరంలో ఉంటే అక్షరం నాలుగో వంతు అవుతుంది. దీనివల్ల ఇంకో మేలుంది. చెయ్యి వణికి సూది ఒక మిల్లీమీటరు తప్పినా, ఉంగరం మీద ఆ తప్పు పావు మిల్లీమీటరే.

1885లో అమెరికాలో లిన్ బోయ్డ్ బెంటన్ ఇదే సూత్రంతో అచ్చు అక్షరాల పోతలకు ఉక్కు ముద్రలు చెక్కే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. అంతవరకూ ఆ ముద్రలు ఏళ్ల తరబడి పని నేర్చిన నిపుణుల చేతి పనే.

వజ్రపు మొన విషయంలో గమనించాల్సింది ఒకటుంది. అది బంగారాన్ని తవ్వి తీయదు, నొక్కి గాడి చేస్తుంది. మెత్తని బంగారం పక్కకు జరుగుతుందే గానీ రాలదు. అందుకే ఆ రాతలో తరుగు ఉండదు. అయితే ఈ పద్ధతిలో మార్చుకునే అక్షరాలన్నీ మిషను గాడిలోనే ఉన్నాయి. ఉంగరం మీద పడ్డ అక్షరం మాత్రం మారదు.

మైనం కరిగిన చోట బంగారం

అక్షరం విడిగా, ముద్దగా కావాలంటే పోత పోయాలి. మైనంతో బొమ్మ చేసి, చుట్టూ మట్టి పెట్టి, కాల్చి మైనాన్ని కరిగించి, ఆ ఖాళీలో లోహం పోయడం దక్షిణాది స్థపతులకు శతాబ్దాలుగా తెలిసిన విద్య. చోళుల పంచలోహ విగ్రహాలు అలా వచ్చినవే. అందులో బొమ్మ బయటికి రావాలంటే మట్టి అచ్చు పగలాలి. కాబట్టి ఒక మైనానికి ఒకే విగ్రహం.

నగల పనిలో ఈ చిక్కు తీరింది రబ్బరు వల్ల. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకంతో రబ్బరును గట్టిపరిచే పద్ధతి కనిపెట్టాడు. 1907లో విలియం టాగర్ట్ అనే దంతవైద్యుడు మైనపు పోతతో బంగారు పళ్ల పూరకాలు చేసి చూపించాడు. ఆ తర్వాత టోగర్ యుంగర్సన్ ఈ రెండింటినీ కలిపి నగలకు తెచ్చాడు. అసలు నమూనాను రబ్బరు మధ్య పెట్టి వేడితో అచ్చు తీస్తారు. దాన్ని చీల్చి నమూనా తీసేసి, మైనం ఎక్కించి ఎన్ని కావాలంటే అన్ని మైనపు అక్షరాలు తీయవచ్చు. వాటిని ఒక మైనపు కాండానికి కొమ్మల్లా అతికించి, పైన ప్రత్యేకమైన సుద్దపిండి పోసి, కొలిమిలో కాల్చి, బంగారం పోస్తారు.

స్వచ్ఛమైన బంగారం 1064 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. చల్లారేటప్పుడు కొంచెం కుదించుకుంటుంది. మైనమూ కుదించుకుంటుంది. ఆ తగ్గుదలను లెక్కలోకి తీసుకుని నమూనాను ముందే కాస్త పెద్దదిగా చేయాలి. మామూలు డాలరుకు ఈ తేడా ఎవరికీ కనిపించదు. గాడిలో కూర్చోవలసిన అక్షరానికి మాత్రం అది ప్రాణసంకటం. పట్టుకుంటే కదలదు, వదులైతే ఉండదు. ఇప్పుడు నమూనాను కంప్యూటర్లో గీసి, త్రీడీ ప్రింటరుతో పొరలు పొరలుగా పోస్తున్నారు. చార్లెస్ హల్ 1986లో పేటెంటు పొందిన పద్ధతికి ఈ ప్రింటర్లు వారసులు. తగ్గుదలను ముందుగానే అంకెల్లో కలిపేయడం దీంతో తేలికయింది.

వెలుగుతో రాత

1960 మే 16న కాలిఫోర్నియాలో థియోడర్ మైమాన్ కెంపు కడ్డీ నుంచి తొలి లేజరు కిరణం పుట్టించాడు. 1964లో బెల్ ల్యాబ్స్‌లో మన దేశంలోనే పుట్టిన సి. కుమార్ పటేల్ కార్బన్ డయాక్సైడ్ లేజరు తయారుచేశాడు. చెక్క, తోలు, ప్లాస్టిక్ మీద రాయడానికి అది సరైనది. బంగారం మాత్రం దాని కిరణాన్ని దాదాపు అంతా తిప్పికొడుతుంది.

నగల దుకాణాల్లో ఇప్పుడు వాడేది ఫైబర్ లేజరు. దాని కిరణం తరంగదైర్ఘ్యం సుమారు 1064 నానోమీటర్లు. దీన్ని కూడా బంగారం నూటికి 97, 98 పాళ్లు తిప్పికొడుతుంది. మరి రాత ఎలా పడుతుంది? కిరణాన్ని ధారగా కాక తునకలుగా వదలడంలో ఉంది కిటుకు. 20 వాట్ల లేజరు సెకనుకు 20 వేల తునకలు వదిలితే ఒక్కోదానిలో ఉండేది ఒక మిల్లీజౌలు శక్తే. కానీ ఆ శక్తి సెకనులో కోటో వంతు కాలంలో పడితే, ఆ క్షణాన దాని సత్తువ పది కిలోవాట్లు. దాన్ని వెంట్రుకంత సన్నని చుక్క మీద కేంద్రీకరిస్తే, మిగిలిన రెండు మూడు పాళ్ల వేడికే పైపొర కరిగి ఆవిరవుతుంది. కిరణాన్ని అటూ ఇటూ తిప్పడానికి రెండు చిన్న అద్దాలున్నాయి. పిల్లలు అద్దంతో ఎండను గోడ మీద ఆడించినట్లే ఇవి కిరణాన్ని నగ మీద ఆడిస్తాయి, కంప్యూటరు చెప్పిన అక్షరం ప్రకారం.

మీ నగ మీదే ఈ రాత ఉండొచ్చు. 2021 జూన్ 16 నుంచి దేశంలోని చాలా జిల్లాల్లో బంగారు నగలకు హాల్‌మార్క్ తప్పనిసరి అయింది. అదే ఏడాది జూలై నుంచి ఆ ముద్ర పడే ప్రతి నగకూ అక్షరాలు, అంకెలు కలిసిన ఆరు గుర్తుల ప్రత్యేక సంఖ్య, హెచ్‌యూఐడీ, ఇస్తున్నారు. దాన్ని లేజరుతోనే రాస్తారు. భారత ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ ఆరు గుర్తులు కొడితే నగ వివరాలు తెలుస్తాయి. ఇక్కడ కొనేవాళ్లు జాగ్రత్తపడాల్సిన విషయం ఒకటుంది. రెండు గ్రాముల లోపు నగలకు హాల్‌మార్క్ తప్పనిసరి కాదు. మార్చుకునే అక్షరాలు చాలావరకు రెండు గ్రాముల లోపే ఉంటాయి. గొలుసుకు ముద్ర ఉందని అక్షరానికీ ఉందనుకోకూడదు. ఒక్కో అక్షరం బరువు, స్వచ్ఛత బిల్లులో విడివిడిగా రాయించుకోవాలి.

అతుకు కథ

ఏ అక్షరమైనా కూర్చోవాలంటే అతుకు కొలత ఒకటే కావాలి. ఈ ఆలోచన పాతదే. పదిహేనో శతాబ్దంలో ముద్రణకు పేరొందిన గూటెన్‌బర్గ్ సాధించింది అక్షరాలు చెక్కడం కాదు. ప్రతి అక్షరాన్నీ ఒకే ఎత్తు దిమ్మె మీద పోత పోయగల చేతి అచ్చును చేశాడు. వెడల్పు మారవచ్చు, ఎత్తు మారకూడదు. అందుకే ఏ అక్షరం పక్కన ఏ అక్షరమైనా కూర్చుంది. 1841లో ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ మరల చుట్లకు ఒకే కొలతలు ప్రతిపాదించాడు. అంతవరకూ ఒక కర్మాగారం బోల్టుకు ఇంకో కర్మాగారం నట్టు పట్టేది కాదు.

మన కంసాలి ఇంట్లోనూ ఈ ఆలోచన ఉంది. కమ్మచ్చు చూడండి. వరుస కంతలున్న ఉక్కు పలక అది. ఒకే కంతలోంచి లాగిన తీగ ఎప్పుడు లాగినా ఒకే మందం. అందుకే పాతికేళ్ల తర్వాత తెగిన గొలుసుకు కూడా కొత్త కొండి అదే మందంలో చేయగలుగుతున్నాడు. కాసులపేరులో ప్రతి కాసుకూ కొండి ఒకే కొలతలో ఉంటుంది కాబట్టే కాసులు చేర్చవచ్చు, తీయవచ్చు. మంగళసూత్రంలో గుండ్లు, పగడాలు, నల్లపూసలు, పుస్తెలు అన్నిటికీ కంత ఒక్కటే కొలమానం. పుట్టింటి పుస్తె, మెట్టినింటి పుస్తె పక్కపక్కన చేరతాయి. పసుపుతాడు పోయి గొలుసు వస్తుంది, పుస్తెలు మాత్రం అవే. అక్షరం మార్చుకునే నగ ఇదే సూత్రాన్ని తిరగేసింది: ఇక్కడ గొలుసు నిలుస్తుంది, గుర్తు మారుతుంది.

ఈ అతుకులు ముఖ్యంగా మూడు రకాలు. ఒకటి, తెరిచి మూసే కొక్కెం. రెండు, కమ్మదుద్దులకు ఉండేలాంటి మర. మూడు, పట్టీ మీద జారే గాడి. జారే అక్షరాలకు 8 మిల్లీమీటర్ల పట్టీ బాగా వాడుకలో ఉంది. 22 క్యారెట్ల బంగారానికి ఇక్కడ ఒక బలహీనత ఉంది. నూటికి 91.6 పాళ్లు బంగారమే కావడంతో అది మెత్తన. తీసి పెడుతూ ఉంటే మర చుట్లు అరుగుతాయి, కొక్కెం బిగువు సడలుతుంది. కాబట్టి తరచూ మార్చే నగకు గొలుసు 22 క్యారెట్లదైనా, అతుకు భాగం 18 క్యారెట్లలో చేయించడం మేలు. అందులో రాగి, వెండి పాలు ఎక్కువ, గట్టితనమూ ఎక్కువ.

తెలుగు అక్షరానికి చోటు

మార్చుకునే అక్షరాలు అంటే అంగళ్లలో ఎక్కువగా కనిపించేవి ఇంగ్లీషు 26. తెలుగు అక్షరం రాకపోవడానికి కారణం దాని అందం కాదు, దాని నిర్మాణం. ‘ప’, ‘స’, ‘హ’ రాసి చూడండి. చాలా ముద్రణ అక్షరాల్లో తలకట్టు ఒంటికి తగలకుండా విడిగా ఉంటుంది. కాగితం మీద బాగానే ఉంటుంది. బంగారు రేకులోంచి కోస్తే తలకట్టు ఊడి చేతిలో పడుతుంది. ‘వెం’లో సున్నా కూడా అంతే. రేకులో అక్షరాన్ని తొలిచితే సున్నా నడిమి బిళ్ల రాలిపోతుంది. దీనికి రెండు దారులున్నాయి. తలకట్టు కొసను కిందికి సాగదీసి ఒంటికి అంటించడం, సున్నాను పక్క అక్షరానికి ఒక బిందువు దగ్గర తాకించడం ఒకటి. పలుచని బిళ్ల మీద అక్షరాన్ని ఉబ్బెత్తుగా పోత పోయడం రెండోది.

బరువు సమతూకం ఇంకో చిక్కు. ‘గో’ లాంటి అక్షరం ఒకవైపు బరువు తూగుతుంది, ఒంటి కొండితో వేలాడదీస్తే ఒరుగుతుంది. దీన్ని ఇంట్లోనే సరిచూసుకోవచ్చు. అక్షరాన్ని అట్ట మీద కత్తిరించి, ఒక చోట గుండుసూది గుచ్చి వేలాడదీసి, సూది నుంచి దారం కట్టి నిలువు గీత గీయండి. ఇంకో చోట గుచ్చి మళ్లీ గీయండి. రెండు గీతలు కలిసేది గరిమనాభి. దానికి సరిగ్గా పైన కొండి పెడితే అక్షరం నిటారుగా నిలుస్తుంది.

అసలు పేరులో మొదటి అక్షరానికి మన దగ్గర ఎప్పటినుంచో ఒక పట్టిక ఉంది. పంచాంగంలో 27 నక్షత్రాలకు నాలుగేసి పాదాలు, మొత్తం 108. ఒక్కో పాదానికి ఒక్కో అక్షరం. అశ్వినికి చూ, చే, చో, లా. బిడ్డ పుట్టగానే పురోహితుడు చెప్పేది ఈ గుణింతపు అక్షరాన్నే, ఒంటి హల్లును కాదు. వెంకటేశుకు ‘వెం’, శ్రీనివాసుకు ‘శ్రీ’, గోవిందమ్మకు ‘గో’ అనే మనం పిలుస్తాం. ఈ ఊళ్లలో పేర్లు ఏవి ఎక్కువో అందరికీ తెలుసు. వెం, శ్రీ, ప, గో, తి, అ, ల లాంటి ఓ పది పదిహేను అక్షరాలు శ్రద్ధగా గీసి నమూనాలు చేసుకుంటే చాలు, సగం ఊరికి సరిపోతాయి.

నమూనా గీసే చిత్రకారులు, పోత పోసేవాళ్లు, లేజరు మిషన్లు, అన్నీ ఇప్పుడు ఉన్నాయి. లేనిది ఒక ఒప్పందం: గాడి ఎంత, కొండి ఎంత, మర ఎంత అని తిరుపతి, చిత్తూరు నగల పనివాళ్లు కూర్చుని ఒకే కొలత రాసుకోవడం. అది జరిగితే ఈ అంగట్లో కొన్న గొలుసుకు ఆ అంగట్లో చేసిన అక్షరం పడుతుంది, ఒక పనివాడు మానేసినా మరొకడు ఆ నగను బాగుచేయగలుగుతాడు. ఎవరి పేరు వారిది. దాన్ని మోసే కొలత మాత్రం అందరిదీ కావాలి.