నీటికుక్క కోరే నది

తెలుగువారు నీటికుక్క అనీ, హిందూపురం సరిహద్దు పల్లెల్లో కన్నడం మాట్లాడేవారు నీరునాయి అనీ పిలిచే జంతువు పేరుకే కుక్క గాని, నిజానికి అది తేనెతుట్టెలను కొల్లగొట్టే హనీ బ్యాడ్జర్ చేరిన మస్టెలిడే కుటుంబంలోని క్షీరదం. భారతదేశంలో ఉన్న మూడు నీటికుక్క జాతుల్లో కోరింగ మడ అడవుల్లోనూ, తుంగభద్ర ఒడ్డునా కనిపించేది నున్నని బొచ్చు నీటికుక్క. దీనిని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం అంతరించే ముప్పు ఉన్న జాతుల్లో చేర్చింది.

సుమారు 7 నుంచి 11 కిలోల బరువు తూగే ఈ జంతువుకు బొచ్చు రెండు పొరలుగా ఉంటుంది. లోపలి దట్టమైన నూగు గాలిని పట్టి ఉంచి ఒంటి వేడిని కాపాడితే, పైనున్న పొట్టి వెంట్రుకలు నీటిని చర్మానికి తగలనీయవు. వేళ్ల నడుమ ఉండే చర్మపు పొరలు, చదునైన తోక ఈతకు తోడ్పడగా, మీసాలు బురదనీటిలో సైతం చేప కదలికను పసిగడతాయి. ఇవి కుటుంబాలుగా జీవిస్తూ, కలిసికట్టుగా చేపలను వేటాడి, ఒడ్డున ఒకే చోట మలవిసర్జన చేసి, ఆ వాసన ద్వారా తమ ఉనికిని ఇతర గుంపులకు తెలుపుతాయి. రెండు నెలల గర్భం తరువాత తల్లి బొరియలోనో, రాతి సందులోనో ఈనుతుంది.

కాబట్టి ఈ జాతికి ఏడాది పొడవునా నీరు, ఆ నీటిలో చేపలు, ఒడ్డున జనసంచారం లేని బండలు, రెల్లుపొదలు కావాలి. హిందూపురం ప్రాంతంలోని పెన్న, జయమంగళి, ధర్మవరం మీదుగా పారే చిత్రావతి వర్షాధార నదులు. వేసవిలో ఇసుకమేటలుగా మిగిలే వీటిలో నీటికుక్క కుటుంబం స్థిరపడడం కష్టం. హంపి పరిసరాల్లో మాత్రం తుంగభద్ర బండల నడుమ మడుగులు కట్టి నిలుస్తుంది. అక్కడ ముద్లాపుర నుంచి కంప్లి వరకు 34 కిలోమీటర్ల నదీభాగాన్ని కర్ణాటక ప్రభుత్వం 2015లో నీటికుక్కల సంరక్షణ ప్రాంతంగా ప్రకటించింది.

చర్మం కోసం వేట, పెంపుడు జంతువులుగా అమ్మకం పెరగడంతో 2019లో అంతర్జాతీయ ఒప్పందం సైటిస్ ఈ జాతి విషయంలో దేశాల మధ్య వాణిజ్యాన్ని నిషేధించింది. అయితే ఇసుక తవ్వితే బొరియల ఒడ్డు కూలుతుంది, మందుగుండుతో చేపలు పడితే తిండి పోతుంది, పొలాల పురుగుమందులు చేపల ద్వారా ఒంట్లో చేరతాయి; వీటిని ఆ నిషేధం ఆపలేదు. తుంగభద్ర ఆనకట్ట నుంచి ఎగువ కాలువ గుండా పెన్నా అహోబిలం జలాశయానికి చేరిన నీరు ధర్మవరం కుడికాలువలోనూ పారుతున్నందున, ఆ నది ఆరోగ్యం ఈ ప్రాంతపు రైతులకూ పట్టవలసిన సంగతే.