పిడికెడు పార్స్‌లీకి బిడ్డ వెల

రాపుంజెల్ అనగానే గోపురం, కిందికి వేలాడే జడ గుర్తొస్తాయి. ఈ కథ పాత రూపం మాత్రం ఆకుకూర మడి దగ్గర మొదలవుతుంది. నేపుల్స్ రచయిత జాంబాటిస్టా బసీలే కథలు ఆయన పోయాక 1634-36 మధ్య అచ్చయ్యాయి. వాటిలో ‘పెత్రోసినెల్లా’ ఒకటి. కడుపుతో ఉన్న పాస్కదోజియా కిటికీలోంచి రాక్షసి తోటలోని పార్స్‌లీ చూసి నోరు కట్టుకోలేకపోతుంది. రాక్షసి లేని వేళ కనిపెట్టి దిగి కోసుకుంటుంది. మళ్లీ మళ్లీ వెళ్లి పట్టుబడుతుంది. అప్పుడు ఆమె చెప్పే జవాబు నాకెంతో ఇష్టం. తిండియావతో కాదు, కోరిక చంపుకుంటే బిడ్డ మొహమంతా పార్స్‌లీ మచ్చలు వస్తాయన్న భయంతో తీశానంటుంది. పైగా, నీకు కంటికురుపు తెప్పించనందుకు నువ్వే సంతోషించాలంటుంది. గర్భిణి అడిగింది ఇవ్వనివాళ్లకు కంటికురుపు లేస్తుందని అక్కడి నమ్మకం. ప్రాణం తీయగల రాక్షసి ఎదుట నిలబడి ఈ దొంగ తన హక్కు గురించి మాట్లాడుతోంది! వేవిళ్ల కోరిక తీర్చాలనే పట్టింపున్న మన ఇళ్లలో ఆ మాట బలం విడమరచి చెప్పక్కర్లేదు. రాక్షసి కరగదు. పుట్టబోయే బిడ్డను ఇస్తానంటేనే వదులుతుంది. పుట్టిన పాప గుండెల మీద పార్స్‌లీ రెమ్మ మచ్చ ఉంటుంది, పేరూ ఆ ఆకుదే.

ఆకు మామూలుది కావడమే ఈ కథకు బలం. ఇటలీ వంటింట్లో పార్స్‌లీ రోజువారీ సరుకు. దానికి బిడ్డను వెల కట్టినప్పుడే తల్లి కోరిక ఎంతటిదో, రాక్షసి ఎంత కఠినురాలో తెలుస్తుంది. ఫ్రెంచ్ రచయిత్రి షార్లొట్-రోజ్ ద ల ఫోర్స్‌కు ఈ లెక్క కుదరలేదేమో, 1698 నాటి ‘పెర్సినెట్’లో పార్స్‌లీ అప్పట్లో చాలా అరుదనీ, మాయలు తెలిసిన ఫెయిరీ దాన్ని ఇండీస్ నుంచి తెప్పించిందనీ రాశారు. మధ్యధరా తీరపు మొక్క దూరదేశపు సరుకైపోయింది. ఖరీదైన సరుకు పోయిందంటే శిక్ష సబబుగానే కనిపిస్తుంది, అన్యాయం పలచబడుతుంది. దొంగతనమూ భర్త చేతికి వెళ్లింది. 1790లో జర్మన్‌లోకి వచ్చి, 1812లో గ్రిమ్ సోదరుల సంపుటికి చేరేసరికి పార్స్‌లీ స్థానంలో మరో సలాడ్ ఆకు వచ్చింది. గోడ దూకేది అక్కడా భర్తే. పాస్కదోజియా జవాబుకు చోటే లేకుండాపోయింది.

కథను ఇలా తల్లి కోరిక కథగా చదవడానికి ఒక అభ్యంతరం ఉంది. పార్స్‌లీ గింజల నూనెలో అపియోల్ ఉంటుంది. యూరప్‌లో గర్భం పోగొట్టుకోవడానికి పార్స్‌లీని వాడారు. కాబట్టి ఇది అక్కర్లేని బిడ్డ కథేనని కొందరు చదువుతారు. ఆ వాడకం నిజమే, కానీ బసీలే కథ దానికి లొంగదు. బిడ్డ మొహాన మచ్చ పడకూడదని ఆరాటపడే తల్లి ఆ బిడ్డను వద్దనుకుంటుందా? మరి చివరకు ఎందుకు ఇచ్చేసిందంటారా? బడికి వెళ్లే ఏడేళ్ల పాపను రాక్షసి దారిలో ఆపి, మీ అమ్మకు మాట గుర్తుచెయ్యమని పదేపదే వెంటపడుతుంది. ఆ పోరు పడలేకే తల్లి తీసుకుపొమ్మని కబురు పంపుతుంది.

వంటింట్లో పార్స్‌లీ

కొత్తిమీర, జీలకర్ర, వాము, క్యారెట్ దీని చుట్టాలే. లెబనాన్ తబూలేలో గోధుమ రవ్వకన్నా ఈ ఆకే ఎక్కువ పడాలి. మిలాన్‌లో ఓసోబుకో మాంసం మీద చల్లే గ్రెమొలాటాకు పార్స్‌లీ, వెల్లుల్లి, నిమ్మతొక్క తురుము చాలు. వంటకు రింగుల ఆకుకన్నా పలక ఆకు మేలు. గింజలు మొలవడానికి మూడు నాలుగు వారాలు పట్టొచ్చు. రాత్రంతా నానబెట్టి చల్లండి.