275 కిలోమీటర్ల సైకిల్ రైడ్‌కి ఫోన్ ఒక్కటే సరిపోతుందా? మా చారిటీ టీమ్ ట్రైనింగ్‌లో తేలింది ఇదీ

తలసేమియా పిల్లల రక్తమార్పిడి ఖర్చుల కోసం మా టీమ్ హైదరాబాద్ నుంచి విజయవాడకి సైకిళ్ల మీద వెళ్లబోతోంది. ఎన్‌హెచ్ 65 మీద దాదాపు 275 కిలోమీటర్లు, ఒకే రోజులో. మొత్తం పదకొండు మందిమి. తెలిసినవాళ్లు కిలోమీటరుకి ఇంత అని విరాళం రాశారు. అంటే ఫోన్‌లో రికార్డయ్యే ప్రతి కిలోమీటరూ ఎవరో ఇచ్చే డబ్బే. అందుకే ఈ మూడు నెలల ట్రైనింగ్‌లో కాళ్లతో పాటు గ్యాడ్జెట్లకీ పరీక్ష పెట్టాం.

ముందు బ్యాటరీ సంగతి. గంటకి 20 కిలోమీటర్ల లెక్కన తొక్కుడే 14 గంటలు, టీలకీ టిఫిన్లకీ ఆగేది అదనం. 5,000 ఎంఏహెచ్ ఉన్న నా ఫోన్‌లో స్క్రీన్ ఆపేసి జీపీఎస్ రికార్డింగ్ మాత్రం నడిపితే గంటకి 5 శాతం దాకా తగ్గింది. అదే ఫోన్‌ని హ్యాండిల్‌కి బిగించి, ఎండలో కనిపించాలని బ్రైట్‌నెస్ ఫుల్ పెట్టి మ్యాప్ చూస్తే 17, 18 శాతం పోయింది. అలాగైతే సూర్యాపేట దాటేలోపే ఫోన్ ఆఫ్! జీపీఎస్ బ్యాటరీ తినేస్తుందని అందరూ తిడతారు గానీ అసలు తిండిబోతు డిస్‌ప్లేనే.

పవర్ బ్యాంక్ ఉంది కదా అంటారా? 10,000 ఎంఏహెచ్ అని రాసి ఉన్నంత మాత్రాన మీ 5,000 ఫోన్ రెండుసార్లు నిండదు. ఆ అంకె లోపలి సెల్ 3.7 వోల్టుల దగ్గర లెక్కేసింది. దాన్ని 5 వోల్టులకి పెంచడంలో, వేడిలో కొంత పోతుంది. ఒకటిన్నర సార్లు ఎక్కితే గొప్ప. ఇంకో చిక్కు, చెమటతో పోర్టు తడిస్తే చాలా ఫోన్లు తేమ ఉందని వార్నింగ్ చూపించి చార్జింగే తీసుకోవు. ఐపీ68 రేటింగ్ ఉన్నా సరే, ఆ పరీక్ష మంచినీళ్లలో చేస్తారు, ఉప్పు చెమటలో కాదు. రూపాయి ఖర్చు లేని ఉపాయం జిప్ కవర్. జెర్సీ వెనక జేబులో పెట్టుకునే ముందు ఫోన్‌ని అందులో వేసేయండి.

హ్యాండిల్ మీద ఫోన్ పెట్టడానికి నేను వ్యతిరేకం. ఓఐఎస్ ఉన్న కెమెరాలో లెన్స్‌ని కదిపే సన్నని మెకానిజం ఉంటుంది. మోటార్‌సైకిల్ ఇంజన్ల వైబ్రేషన్ వల్ల అది దెబ్బతినొచ్చని ఆపిల్ 2021లోనే హెచ్చరించింది. సైకిల్‌కి ఇంజన్ లేదు, నిజమే. కానీ మన సర్వీస్ రోడ్లు ఉన్నాయిగా!

ఇక దూరం లెక్క. అందరం కలిసే తొక్కిన ఒక వంద కిలోమీటర్ల రైడ్‌లో ఒకరి ఫోన్ 98.6 చూపిస్తే ఇంకొకరిది 101.3 చూపించింది. ఎవరిదీ అబద్ధం కాదు. టీ కొట్టు దగ్గర కదలకుండా కూర్చున్నా జీపీఎస్ పాయింట్ అటూ ఇటూ గెంతుతూ మీటర్లు కలిపేస్తుంది, అందుకే ఆటో పాజ్ ఆన్‌లో ఉండాలి. బ్యాటరీ సేవర్ పెడితే దీనికి రివర్స్. పాయింట్లు దూరం దూరంగా పడి, మలుపులు సరళరేఖలైపోయి దూరం తగ్గుద్ది. ఎల్1తో పాటు ఎల్5 సిగ్నల్ కూడా అందుకునే డ్యూయల్ ఫ్రీక్వెన్సీ ఫోన్లు ఎత్తైన బిల్డింగుల మధ్య మెరుగ్గా పనిచేస్తాయి, హైవే మీద మాత్రం పెద్ద తేడా కనిపించలేదు. చివరికి మేం పెట్టుకున్న రూల్ ఇదీ: విరాళం లెక్క ముందే కొలిచిపెట్టిన రూట్ దూరం ప్రకారమే, ఫోన్ రికార్డు పూర్తి చేశామనే రుజువుకి మాత్రమే. దాతల దగ్గర పైసా అటూ ఇటూ అవ్వకూడదు.

ఆ రుజువు కూడా గల్లంతైన సందర్భం ఉంది. మా టీమ్‌లో ఒకావిడ ఫోన్ 38వ కిలోమీటర్ దగ్గర యాప్‌ని బ్యాక్‌గ్రౌండ్‌లో చంపేసింది. ఆమె తొక్కింది 120. సెట్టింగ్స్‌లో ఆ యాప్ బ్యాటరీ ఆప్షన్‌ని అన్‌రిస్ట్రిక్టెడ్ చేశాక ఆ సమస్య మళ్లీ రాలేదు. రైడ్ ముందు రోజు కాదు, ఇవాళే చూస్కోండి.

హార్ట్‌రేట్‌కి స్మార్ట్‌వాచ్ నాకు నచ్చలేదు. వాచ్ వెలుతురుతో రక్తప్రవాహాన్ని చదువుతుంది. హ్యాండిల్ పట్టుకుని మణికట్టు వంగి, గతుకులకి అదురుతుంటే రీడింగ్ తప్పుతుంది. ఛాతీకి కట్టుకునే స్ట్రాప్ గుండె విద్యుత్ సంకేతాన్నే పట్టుకుంటుంది కాబట్టి అదే నమ్మకం. అయితే 220 లోంచి వయసు తీసేసి జోన్లు వేసుకోకండి, అది సగటు అంచనా, మనిషి మనిషికీ మారుతుంది. పక్కవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలుగుతున్నారా? అదే లాంగ్ రైడ్ స్పీడ్. ఆయాసంతో ముక్కలు ముక్కలుగా మాట్లాడుతుంటే గేర్ తగ్గించాల్సిందే.

నిజానికి ట్రైనింగ్‌లో మాకు బాగా పనికొచ్చిన ఫీచర్ మామూలు అలారం. 20 నిమిషాలకోసారి నీళ్లు, 45 నిమిషాలకోసారి అరటిపండో చిక్కీయో. దాహం వేశాక తాగుదాంలే అనుకునేవాళ్లు 80 కిలోమీటర్ల దగ్గర నీరసపడ్డారు.

సైక్లింగ్ కంప్యూటర్ కొనాలా? ఈ ఒక్క రైడ్ కోసమైతే వద్దు. నెలకి రెండు మూడు లాంగ్ రైడ్లు చేసేవాళ్లైతే కొనుక్కోవచ్చు. దాని స్క్రీన్ ఎండ వెలుతురుతోనే కనిపిస్తుంది కాబట్టి చాలా మోడళ్లు 15 గంటలు పైనే వస్తాయి.

ఇంట్లోవాళ్లకి వాట్సాప్ లైవ్ లొకేషన్ పెట్టేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి, దాని గరిష్ఠ సమయం 8 గంటలే. తెల్లవారుజామున 5కి బయల్దేరితే మధ్యాహ్నం 1కి ఆగిపోద్ది. మేం సూర్యాపేట భోజనం హాల్ట్‌లో మళ్లీ షేర్ చేద్దామని ఇప్పుడే టీమ్ గ్రూప్‌లో పిన్ చేసి పెట్టాం.