మదర్‌బోర్డు పెద్దదా, చిన్నదా?

అసెంబుల్డ్ కంప్యూటర్ అనగానే మనకు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ గుర్తొస్తుంది. అక్కడ లిస్టు ఇస్తే షాపువాళ్లే బిగించి ఇస్తారు. కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో ఉండే మనం మాత్రం చాలావరకు సొంతంగా బిగించుకోవాల్సిందే. బే ఏరియాలోని ఫ్రైస్ షాపులు 2021లో మూతపడ్డాయి. 2025 మేలో శాంటా క్లారాలో మైక్రో సెంటర్ తెరిచాక మళ్లీ బోర్డును కళ్లారా చూసి కొనే వీలు కలిగింది. బయల్దేరే ముందే సైజు తేల్చుకుంటే మంచిది.

ఇంటెల్ 1995లో తెచ్చిన ఏటీఎక్స్ బోర్డు 12 అంగుళాల పొడవు, 9.6 అంగుళాల వెడల్పు ఉంటుంది. వయా కంపెనీ 2001లో తెచ్చిన మినీ ఐటీఎక్స్ అటూ ఇటూ 6.7 అంగుళాలే. చిన్నది కొంటే స్పీడు తగ్గుతుందేమోనని భయం వద్దు. ప్రాసెసర్, ర్యామ్ ఒకటే అయితే ఆఫీసు పనిలో, పిల్లల చదువులో తేడా తెలియదు.

తేడా అంతా రేపటి అవసరాల్లోనే. ఏటీఎక్స్‌లో సాధారణంగా ర్యామ్‌కు నాలుగు స్లాట్లు, అదనపు కార్డులకు చాలా చోటు ఉంటాయి. మినీలో ర్యామ్ స్లాట్లు రెండే, కార్డు స్లాటు ఒక్కటే. పైగా చిన్న క్యాబినెట్‌లో వేడి త్వరగా పెరుగుతుంది, దానికి సరిపోయే పవర్ సప్లై ధర కూడా ఎక్కువే.

అయినా మనవాళ్లు చిన్నదాని వైపు చూడటానికి అసలు కారణం వేరే ఉంది. హెచ్1బీ మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే గడువు గరిష్ఠంగా 60 రోజులే. అప్పుడు ఈ డబ్బాను ఇంటికి ఎలా మోసుకెళ్లాలి?

నిజానికి సూట్‌కేసులో పట్టనిది బోర్డు కాదు, క్యాబినెట్! దాన్ని ఇక్కడే వదిలేసి బోర్డు, ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు విడదీసి బట్టల మధ్య సర్దుకోవచ్చు. కొత్త క్యాబినెట్ సీటీసీలో దొరుకుతుంది. పవర్ సప్లై మీద 100-240 వోల్టులు అని ఉంటే మన 230 వోల్టులకూ పనికొస్తుంది. బోర్డు వచ్చిన యాంటీ స్టాటిక్ కవరును మాత్రం పారేయకండి.

కాబట్టి ప్రయాణం భయంతో చిన్నదానికి ఎక్కువ డబ్బు పెట్టొద్దు. బల్ల మీద జాగా నిజంగా లేకపోతేనే మినీ తీసుకోండి. మిగతావారికి మధ్యరకం మైక్రో ఏటీఎక్స్ చాలు. దానిలోనూ ఎక్కువగా నాలుగు ర్యామ్ స్లాట్లు ఉంటాయి, రెండు స్లాట్లవీ ఉన్నాయి గనుక చూసి తీసుకోండి.